సున్నా ఎకరాలకు ఎంత అప్పు?

బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు ఇళ్లు చాలానే ఉన్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ వచ్చి స్థిరపడినవాళ్లం. మా తాతలకు ఊళ్లో సెంటు భూమి లేదు, అందుకే రైలెక్కారు. బీఎస్సీ అగ్రికల్చర్‌లో చెప్పే వ్యవసాయ రుణాల పాఠంలో అలాంటి మనిషి కనబడడు.

అక్కడ మూడు 'ఆర్'లు ఉంటాయి: రిటర్న్స్, రీపేమెంట్ కెపాసిటీ, రిస్క్ బేరింగ్ ఎబిలిటీ. 1904 సహకార పరపతి చట్టం, 1969 బ్యాంకుల జాతీయీకరణ, 1982 నాబార్డు కూడా ఉంటాయి. పట్టా ఎవరి పేరున ఉందన్న ప్రశ్న ఉండదు.

కిసాన్ క్రెడిట్ కార్డు లెక్కే చూడండి. పంటకు ఎకరాకు ఇంత అని నిర్ణయించిన మొత్తాన్ని సాగు విస్తీర్ణంతో గుణిస్తారు. కౌలుదార్లూ అర్హులేనని నిబంధనల్లో ఉంది. కానీ ఇక్కడ అధియాకు, అంటే సగపాలుకు చేసే సత్నామీ రైతు దున్నేది నోటిమాట మీద. ఆంధ్రలో 2019 నాటి చట్టం కౌలు కార్డుకు భూయజమాని సంతకం అడిగింది. ఆయన పెట్టనంటే గుణకారం సున్నా. 2015-16 వ్యవసాయ గణనలో దళితుల సాగు విస్తీర్ణం 9 శాతం లోపే. ఈ అంకె చెప్పకుండా 'రిస్క్' గురించి ఏం చెబుతారు?

చిన్న కమతాలపై అంబేడ్కర్ 1918లోనే వ్యాసం రాశారు. కమతం చాలుతుందా లేదా అన్నది ఎకరాలను బట్టి కాదు, దానిపై పెట్టే పెట్టుబడి, పనిముట్లను బట్టి తేలుతుందని వాదించారు. వ్యవసాయ రుణాలకు ఇంతకంటే సూటి పాఠం ఏముంది? నేను చూసిన శాఖల్లో మాత్రం ఏప్రిల్ 14న ఆయనకు దండ పడుతుంది, సిలబస్‌లో చోటు దొరకదు.

ప్రాక్టికల్స్‌కు విద్యార్థుల్ని బ్యాంకులకు తీసుకెళతారు కదా, సత్నామీ వాడలకూ తీసుకెళ్లండి. అక్కడ ఎవరు, ఎంత వడ్డీకి, ఏం తాకట్టు పెట్టుకుని అప్పిస్తున్నారో రాసుకు రమ్మనండి. మార్కులు దానికి వేయండి.