అమ్మకు కాస్త ఎండ

అరవై దాటిన అమ్మ రిపోర్టులో డి విటమిన్ తక్కువని వస్తే, ఈ మధ్య ఇళ్లలో ఇంకో మాట కూడా వినబడుతోంది: ‘అందుకే నువ్వు లావెక్కుతున్నావు.’ రెంటికీ లంకె ఉన్న మాట నిజమే. అమెరికాలో 65 దాటిన 4,600 మందికి పైగా స్త్రీలను నాలుగున్నరేళ్లు గమనించి, 2012లో ఒక అధ్యయనం వెలువరించారు. బరువు పెరిగినవారిలో, ఈ విటమిన్ తక్కువున్నవాళ్లు మిగతావాళ్లకంటే సుమారు కిలో ఎక్కువ పెరిగారు.

అయితే ఏది ముందు? డి విటమిన్ కొవ్వులో కరుగుతుంది. ఒళ్లు పెరిగేకొద్దీ కొవ్వులోకి చేరి నెత్తురులో పలచబడుతుంది. 2013లో నలభై వేలమందికి పైగా జన్యు వివరాలు పరిశీలించినవారు, బరువే విటమిన్‌ను తగ్గిస్తోందని తేల్చారు. విటమిన్ తగ్గి బరువు పెరిగిన దాఖలా వారికి కనబడలేదు. అమెరికాలోనే 36 వేలమంది మహిళలతో జరిగిన మరో పరీక్షలో, డి విటమిన్‌ను కాల్షియంతో కలిపి ఏళ్ల తరబడి ఇచ్చినా, సగటున పావుకిలో తేడా కూడా రాలేదు. సన్నబడుతుందని ఆశపడి 60,000 యూనిట్ల సాచెట్లు మనంతట మనమే తెచ్చి వేయించడం తగదు. మోతాదు మించితే నెత్తురులో కాల్షియం పెరిగి మూత్రపిండాలకు ముప్పు. ఎముకల కోసం డాక్టరు రాస్తే, రాసినన్నాళ్లే.

మన దగ్గర ఇంకో బాధ ఉంది. ఎండకు కొదవలేని తిరుపతిలో ముట్లుడిగిన స్త్రీలను అక్కడి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు పరీక్షించి 2005లో ఫలితాలు ప్రచురించారు. పదిమందిలో ఎనిమిదిమందికి ఈ విటమిన్ చాలలేదు. వయసు మీదపడ్డ చర్మం దాన్ని తయారుచేయడమూ తగ్గిస్తుంది. పైగా పెద్దవాళ్లను మనం కూర్చోమనే పొద్దుటి నీరెండలో అందుకు కావలసిన కిరణాలు స్వల్పం. పొద్దు నడినెత్తికి చేరువైనప్పుడే అవి బాగా అందుతాయి. ఆ వేళకు ఆమె వంటింట్లో ఉంటుంది. మేడ మీది తలుపుకు తాళం. మోకాళ్ల నొప్పితో మెట్లు దిగలేదు, దిగినా వాహనాల మధ్య నడవలేదు. అలా నాలుగు గోడల మధ్య గడిచే రోజులు విటమిన్‌నూ తగ్గిస్తాయి, బరువునూ పెంచుతాయి. ఆ తప్పు ఆమె కంచం మీదికి నెట్టడం అన్యాయం.

చలికాలంలో పదకొండింటికి, చేతులకు ఎండ తగిలేలా కాసేపు ఎవరైనా తోడుండి ఆమెను నడిపించాలి. ఏప్రిల్, మే నెలల్లో వడదెబ్బ భయం ఉంది కనుక ఆ సాహసం వద్దు. పగటిపూట మేడ తలుపు తెరిచి ఉంచాలని, అక్కడ నాలుగు కుర్చీలు, మెట్లకు పట్టుకునే కమ్మీ ఉండాలని అపార్ట్‌మెంటు సంఘం వచ్చే సమావేశంలో ఎవరో ఒకరు అడగాలి.