డిటెక్టర్‌లో ‘సున్నా’ కనిపిస్తే సేఫేనా?.. గ్యాస్ సెన్సర్ల అసలు గుట్టు ఎలక్ట్రోడ్‌లోనే!

నైట్ షిఫ్ట్. రియాక్టర్ దగ్గరకు వెళ్లే ముందు కార్మికుడు జేబుకు తగిలించుకున్న గ్యాస్ డిటెక్టర్ వైపు ఓసారి చూస్తాడు. స్క్రీన్‌పై ‘సున్నా’. గ్యాస్ లేదు, వెళ్లొచ్చు అనుకుంటాడు. కానీ ఆ సున్నాకు రెండు అర్థాలున్నాయి. ఒకటి.. నిజంగానే గ్యాస్ లేకపోవడం. రెండోది.. లోపలున్న సెన్సర్ చచ్చిపోవడం. ఈ రెండింటికీ తేడా ఏంటో స్క్రీన్ చెప్పదు.

ఇది ఎక్కడో దూరంగా ఉన్న ముచ్చట కాదు. 2020 జూన్ నెలాఖరులో విశాఖ దగ్గర పరవాడ ఫార్మాసిటీలో విషవాయువు లీకై ఇద్దరు చనిపోయారు. ఆ ఘటనలో వినిపించిన పేర్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఒకటి. మ్యాన్‌హోళ్లలో, సెప్టిక్ ట్యాంకుల్లో దిగిన కార్మికుల ప్రాణాలు తీసే వాయువుల్లోనూ ఇదే ముందుంటుంది. అందుకే ఈ గ్యాస్‌ను పట్టే సెన్సర్ ఎన్నాళ్లు నిజం చెబుతుందన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న.

ముక్కును నమ్మితే అంతే!

హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కుళ్లిన గుడ్డు వాసన. గాలిలో 1 పీపీఎం కూడా లేకుండానే ముక్కు పసిగట్టేస్తుంది. మరి డిటెక్టర్ ఎందుకు? ఎందుకంటే 100 పీపీఎం దాటితే ముక్కు పనిచేయడం మానేస్తుంది. వాసన పోయింది కాబట్టి గ్యాస్ కూడా పోయిందనుకుంటారు. నిజానికి ప్రమాదం పెరిగింది. 1000 పీపీఎం దగ్గర ఒకటి రెండు శ్వాసల్లోనే మనిషి కుప్పకూలిపోవచ్చు. అంటే ముక్కు మోసం చేసే చోట దిక్కు సెన్సరే. ఆ సెన్సర్ కూడా ముక్కులాగే మొద్దుబారితే?

లోపల ఏం జరుగుతుంది?

చిన్న బటన్ సైజులో ఉండే ఎలక్ట్రోకెమికల్ సెన్సర్‌లో మూడు ఎలక్ట్రోడ్లు, వాటి మధ్య ఓ ద్రవం ఉంటాయి. ఆ ద్రవం సాధారణంగా సల్ఫ్యూరిక్ యాసిడ్. గాలి సన్నటి రంధ్రం గుండా లోపలికి వస్తుంది. గ్యాస్ మొదటి ఎలక్ట్రోడ్‌ను తాకగానే రసాయన చర్య జరిగి అతి స్వల్పంగా కరెంట్ పుడుతుంది. గ్యాస్ ఎంత ఉంటే కరెంట్ అంత. రెండో ఎలక్ట్రోడ్ సర్క్యూట్‌ను పూర్తి చేస్తుంది. మూడోది ‘రిఫరెన్స్’. తాను కదలకుండా ఉండి, మొదటిదాని వోల్టేజీ మారకుండా చూస్తుంది. తక్కెడలో ముల్లు లాంటిదన్నమాట.

సమస్యంతా ఇక్కడే మొదలవుతుంది. మొదటి ఎలక్ట్రోడ్‌పై ప్లాటినం లాంటి లోహం పొడి రూపంలో ఉంటుంది. రేణువులు ఎంత చిన్నవైతే చర్య జరిగే స్థలం అంత ఎక్కువ. కానీ నెలలు గడిచేకొద్దీ ఆ రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి. దీంతో పనిచేసే స్థలం తగ్గిపోతుంది. పైగా ప్లాటినానికి గంధకం అంటే మహా ఇష్టం. సల్ఫర్ దాని మీద పేరుకుపోతే కొత్త గ్యాస్‌కు చోటు దొరకదు. ఎండాకాలంలో ద్రవం ఎండిపోతుంది. వానాకాలంలో తేమ పీల్చి ఉబ్బుతుంది. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ వరకూ గ్యాస్ చేరితే ముల్లే పక్కకు జరిగిపోతుంది. ఇవేవీ ఒక్కరోజులో జరగవు. అందుకే ఎవరి కంటా పడవు.

ఓ చిన్న లెక్క చూద్దాం

సెన్సర్ నెలకు 2 శాతం చొప్పున పదును కోల్పోతోందనుకుందాం. వినడానికి చాలా తక్కువే. కానీ ఏడాది తిరిగేసరికి మిగిలేది 78 శాతం. రెండేళ్లకు 62 శాతం. అలారం 10 పీపీఎం దగ్గర మోగేలా పెట్టారు. మధ్యలో ఎవరూ సరిచూడకపోతే, రెండేళ్ల తర్వాత అసలు గ్యాస్ 16 పీపీఎం దాటాకే అది మోగుతుంది. డిటెక్టర్ ఆన్‌లోనే ఉంటుంది, బ్యాటరీ ఫుల్‌గానే ఉంటుంది. తప్పు మాత్రం రోజురోజుకూ పెరుగుతూనే ఉంటుంది.

మెటీరియల్ మారిస్తే ఏమవుతుంది?

అందుకే ఇప్పుడు ఫోకస్ అంతా ఎలక్ట్రోడ్ తయారీపైనే. అన్ని గ్యాస్‌లకూ ప్లాటినమే వాడాలన్న రూలేం లేదు. గ్యాస్‌ను బట్టి బంగారం, రుథేనియం, ఇరీడియం, కార్బన్ లాంటివి ఎంచుకుంటారు. రెండు లోహాలను కలిపితే ఒకదాని బలహీనతను మరొకటి కాస్తుంది. ఫ్యూయల్ సెల్స్‌లో కార్బన్ మోనాక్సైడ్ ప్లాటినాన్ని కప్పేయకుండా రుథేనియం కలపడం ఇలాంటిదే. రేణువులు అతుక్కోకుండా వాటిని కార్బన్ లాంటి ఆధారంపై విడివిడిగా నిలబెట్టడం మరో దారి.

ఆక్సిజన్ సెన్సర్ దీనికి మంచి ఉదాహరణ. పాత రకంలో సీసం ఎలక్ట్రోడ్ ఉంటుంది. కొవ్వొత్తిలా అది కరుగుతూ పనిచేస్తుంది. సీసం అయిపోతే సెన్సర్ కథ ముగిసినట్టే, సుమారు రెండేళ్లు. సీసం లేని కొత్త రకంలో ఎలక్ట్రోడ్ ఖర్చు కాదు. కాబట్టి ఎక్కువ కాలం వస్తుంది.

అసలు తిరకాసు ఇదే!

మామూలు గాలిలో ఆక్సిజన్ సెన్సర్ 20.9 శాతం చూపించాలి. అది పాడవుతుంటే అంకె పడిపోతుంది, అలారం మోగుతుంది. అంటే చచ్చేటప్పుడు చెప్పి చస్తుంది. విషవాయువు సెన్సర్ అలా కాదు. మామూలు గాలిలో దాని అంకె ఎప్పుడూ సున్నాయే. బతికున్నా సున్నా, చచ్చినా సున్నా! ఎంత మంచి ఎలక్ట్రోడ్ వేసినా ఈ తేడా పోదు. మెటీరియల్ చేయగలిగేది సెన్సర్ ఆయుష్షు పెంచడం, జారుడును నెమ్మది చేయడం మాత్రమే. అది బతికుందో లేదో తెలియాలంటే దారి ఒక్కటే. కొలత తెలిసిన గ్యాస్‌ను దానిపై వదిలి చూడాలి. దీన్నే ‘బంప్ టెస్ట్’ అంటారు. అంకె తేడాగా ఉంటే క్యాలిబ్రేషన్ చేయాలి.

ఇళ్లలో ఎల్‌పీజీ అలారం పెట్టుకున్నవాళ్లూ ఒకటి గుర్తుంచుకోవాలి. చాలా మోడళ్లలో టెస్ట్ బటన్ నొక్కితే తెలిసేది బజర్, సర్క్యూట్ పనిచేస్తున్నాయనే. సెన్సర్ గ్యాస్‌ను పసిగడుతుందని కాదు. అందుకే వెనుక రాసి ఉండే గడువు తేదీ చూడాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువు కాబట్టి అలారాన్ని నేలకు దగ్గరగా బిగించాలి.

కొనేవాళ్లు అడగాల్సిన ప్రశ్న

ఫ్యాక్టరీ అయినా, మున్సిపాలిటీ అయినా డిటెక్టర్లు కొనేటప్పుడు ధర ఎంత అని అడగడం మామూలే. దాంతో పాటు ఇంకో మూడు అడగాలి. నెలకు ఎంత శాతం జారుతుంది? మన ఎండకు, తేమకు ఎన్నాళ్లు తట్టుకుంటుంది? చివరిసారి ఎప్పుడు టెస్ట్ చేశారన్నది ఎక్కడ రాస్తున్నారు? మ్యాన్‌హోల్ మరణాలపై 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు పరిహారాన్ని 30 లక్షల రూపాయలకు పెంచింది. ఓ గ్యాస్ సిలిండర్, ఐదు నిమిషాల టెస్ట్‌కు అయ్యే ఖర్చు దాని ముందు ఎంత? పోయిన ప్రాణానికైతే ఏ లెక్కా సరిపోదు.

లోపలికి దిగేవాడు స్క్రీన్ మీది సున్నాను నమ్మి దిగుతున్నాడు. ఆ సున్నా నిజమేనని ముందే తేల్చాల్సింది మాత్రం పైన నిలబడినవాళ్లే.