చీటీ చదివే గుమాస్తా

పెళ్లివంటకు వంటమేస్త్రి సరుకుల చీటీ రాసిస్తాడు. ‘బియ్యం పాతవైతేనే. నెయ్యి ఫలానా రకం, దొరక్కపోతే దానికి సాటిది. బెల్లం నల్లదైతే వద్దు.’ ఆ చీటీ కిరాణా కొట్టుకు వెళుతుంది. అక్కడి గుమాస్తా దాన్ని తప్పు చదివాడో, వంటమేస్త్రి ఎంత ఘనుడైనా విస్తట్లో అభాసే!

సాఫ్ట్‌వేర్‌కూ ఇలాంటి చీటీ ఒకటుంది. ఈ రోజుల్లో ఏ ప్రోగ్రామునూ మొదటి అక్షరం నుంచి ఆఖరు దాకా ఒక్కరే రాయరు. ఇంటర్నెట్‌ నుంచి సమాచారం తేవడం, తేదీలు లెక్కకట్టడం లాంటి పనులకు ఎవరో ఎప్పుడో ప్రోగ్రాము ముక్కలు రాసిపెట్టే ఉంటారు. వాటినే ప్యాకేజీలంటారు. ‘నా ప్రోగ్రాముకు ఫలానావి కావాలి’ అని రాసుకునే జాబితాయే డిపెండెన్సీల చీటీ. తమాషా ఏంటంటే, అందులోని ప్రతి ప్యాకేజీకీ మళ్లీ సొంత చీటీ ఉండొచ్చు!

మీ ఇంట్లో ఇంజినీరింగ్‌ చదివే అమ్మాయో అబ్బాయో ఉంటే పైథాన్‌ పేరు వినే ఉంటారు. పైథాన్‌లో సరుకు మోసుకొచ్చే కుర్రాడి పేరు ‘పిప్‌’. చీటీ చదివిపెట్టే గుమాస్తా పేరు ‘ప్యాకేజింగ్‌’. ఇదో చిన్న ఉచిత లైబ్రరీ. పిప్‌ లోపలే దీని ప్రతి ఒకటి ఉంటుంది. అందుకే పిప్‌ వాడేవాళ్లలో చాలామందికి ఈ గుమాస్తా ఉన్నట్టే తెలియదు.

చీటీలో ఒక వరస ఇలా ఉంటుంది: ‘రిక్వెస్ట్స్‌ >=2.8, <3’. రిక్వెస్ట్స్‌ అనే ప్యాకేజీ 2.8 గానీ అంతకంటే కొత్తది గానీ కావాలి, 3 మాత్రం వద్దు అని అర్థం. 3 ఎందుకు వద్దు? మొదటి అంకె మారిందంటే పాత పద్ధతులు పనిచేయకపోవచ్చన్నది చాలామంది ప్రోగ్రామర్లు పాటించే ఆనవాయితీ. ‘విండోస్‌ అయితేనే తీసుకురా’ లాంటి షరతులూ రాయొచ్చు.

ఇప్పుడో చిన్న పరీక్ష. 3.9, 3.10... రెండింట్లో ఏది పెద్దది? లెక్కల మాస్టారు 3.9 అంటారు. గుమాస్తా 3.10 అంటాడు. వెర్షన్ల లెక్కలో చుక్క దశాంశం కాదు, పుస్తకంలో అధ్యాయాన్నీ పాఠాన్నీ విడదీసే గీత లాంటిది. మూడో అధ్యాయంలో తొమ్మిది తర్వాత పదే కదా! 2021 అక్టోబరులో పైథాన్‌ 3.10 వచ్చినప్పుడు, దాన్ని మామూలు సంఖ్యగా చదివిన చోట్ల అది 3.1గా మారిపోయింది. కొత్తది కాస్తా పురాతనమైపోయింది. ఇలాంటి చిక్కులుంటాయనే వెర్షన్‌ నంబరు ఎలా రాయాలో పెప్‌ 440, చీటీ ఎలా రాయాలో పెప్‌ 508 అనే పత్రాల్లో నిబంధనలు రాసుకున్నారు. ప్యాకేజింగ్‌ వాటినే పాటిస్తుంది.

మరి నిబంధనకు లొంగని గజిబిజి నంబరు వస్తే? పూర్వం ఈ గుమాస్తా మొహమాటస్తుడు. ఏదో ఒకలా సర్దుకుని సరేననేవాడు. 2022 డిసెంబరులో వచ్చిన 22.0 వెర్షన్‌తో ఆ మొహమాటం వదిలేశాడు. అర్థం కాకపోతే చీటీ తిప్పికొట్టడమే! 2024లో వచ్చిన పిప్‌ 24.1 కూడా అదే దారి పట్టింది. పాత ప్యాకేజీలు వాడేవాళ్లకు ఇబ్బంది వచ్చిన మాట నిజం. కానీ మందుల షాపులో చీటీ అర్థం కాకపోతే ఊహించి మాత్రలిచ్చేవాడు మంచివాడా, ‘డాక్టరుతో మళ్లీ రాయించుకురండి’ అనేవాడు మంచివాడా?

అయితే చీటీని సరిగ్గా చదవడం వేరు, సరుకు అసలుదో కాదో చూడటం వేరు. అలెక్స్‌ బిర్సాన్‌ అనే భద్రతా పరిశోధకుడు 2021 ఫిబ్రవరిలో ఈ సంగతి బయటపెట్టారు. పెద్ద కంపెనీలు తమలో తాము వాడుకునే ప్యాకేజీల పేర్లు పట్టుకుని, అవే పేర్లతో, పెద్ద వెర్షన్‌ నంబర్లతో తన సరుకును అందరికీ అందుబాటులో ఉండే గోదాముల్లో పెట్టారు. పెద్ద నంబరు కనిపించగానే కంప్యూటర్లు దాన్నే తెచ్చుకున్నాయి. యాపిల్‌, మైక్రోసాఫ్ట్‌తో సహా 35కు పైగా సంస్థల్లోకి అలా దారి దొరికింది. ఆయన పరిశోధకుడు కాబట్టి కంపెనీలకు చెప్పారు. దొంగయితే చెబుతాడా?

అక్కడ గుమాస్తా తప్పేమీ లేదు. చీటీలో రాసిందే చదివాడు. రాయాల్సిందే సరిపోలేదు. అందుకు విరుగుడూ ఉంది. ‘ఇంతకంటే కొత్తది’ అని వదిలేయకుండా కచ్చితమైన నంబరు రాసి, పక్కనే ఆ ఫైలు వేలిముద్ర లాంటి ‘హ్యాష్‌’ కూడా రాయొచ్చు. వచ్చిన సరుకు వేలిముద్ర కలవకపోతే పిప్‌ దాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది.

మీ పిల్లలు కాలేజీలో ప్రాజెక్టు చేస్తుంటే ఓసారి అడిగి చూడండి: ‘చీటీలో హ్యాష్‌ రాశావా?’ అని. తెల్లమొహం వేస్తే, ఈ పేజీ చేతికివ్వండి!