బరువు మనది, సుత్తి వాళ్ళది

'ఆడవాళ్ళకి ఓర్పెక్కువ కదా, అందుకే చెయ్యగలిగావు' అనే మాటని నేనిక పొగడ్తగా తీసుకోదలచుకోలేదు.

రెండేళ్ళుగా కాకినాడలో మా ఇంటి పోర్టికోలో నాన్న పాత కారుకి టింకరింగ్ చేస్తున్నాను. 1978 మోడల్ ప్రీమియర్ పద్మిని. ఇంజను పని మెకానిక్‌కి అప్పగించాను. సముద్రపు గాలికి తుప్పుపట్టిన రేకు కోసి తియ్యడం, కొత్త రేకు అతకడం, సొట్టలు తియ్యడం, పుట్టీ పెట్టి రుద్దడం, ప్రైమర్ కొట్టడం నా పనులు. సంగతి తెలిసిన సాహిత్య మిత్రులు రెండు రకాల మాటలంటారు. ఒకటి, 'మగరాయుడివే!' రెండోది ఈ ఓర్పు. 'ముగ్గు వేసినట్టు, లేసు అల్లినట్టు, ఇదీ అంతేగా' అని ఒక పెద్ద రచయిత్రి ఎంతో ఆప్యాయంగా అన్నారు. మొదటిదానికి జవాబు మనకి ఎప్పటినుంచో తెలుసు. రెండోదానితోనే నా పేచీ. అది మన మధ్యనుంచి, ప్రేమగా వస్తోంది కాబట్టి.

ఓర్పుతో ఏమవుతుందో చెప్తాను. సొట్టపడిన తలుపుని ఓర్పుగా వంద దెబ్బలు కొట్టండి. రేకు బాగుపడదు, సాగుతుంది. రేకు వెనక పట్టుకునే ఇనుప దిమ్మని డాలీ అంటారు. సరిగ్గా డాలీ మీదే సుత్తి వేస్తే రేకు పలచబడి విస్తరిస్తుంది. డాలీని పల్లం వెనక ఆనించి, పక్కనున్న మిట్ట మీద కొడితే మిట్ట దిగి పల్లం లేస్తుంది. బాగా సాగిన రేకు వేలితో నొక్కితే డబ్బా మూతలాగా టక్కుమని లోపలికీ బయటికీ ఆడుతుంది. దాన్ని కుదించాలంటే రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కాల్చి, చుట్టూ కొట్టి, తడిగుడ్డ అద్దాలి. ఎక్కడ కొట్టకూడదో తెలియడమే ఈ విద్యలో సగం.

పద్మినికి విడిగా చాసిస్ లేదు. ఒంటిరేకే దాని ఎముక. తలుపుల కింద పొడుగాటి పెట్టెలా ఉండే భాగం తుప్పుపట్టిందంటే కారు నడుం పోయినట్టే. దాన్ని కొయ్యబోయే ముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప బద్ద వెల్డ్ చేసి బిగించాలి. లేకపోతే కారు మధ్యలో కుంగిపోతుంది, ఆ తర్వాత ఏ తలుపూ సరిగ్గా మూసుకోదు. 20 గేజి రేకుని ఈ చివరినుంచి ఆ చివరికి ఏకబిగిన వెల్డ్ చేస్తే వేడికి అలలు తిరిగిపోతుంది. ఇక్కడొక టాకా, అటు చివర ఒక టాకా, చల్లారనిచ్చి మళ్ళీ ఇంకొకటి. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. పాత రిపేర్లలో ఎక్కడ ఏం కప్పిపెట్టారో అయస్కాంతం చెబుతుంది. ఇనుమున్నచోట అంటుకుంటుంది, పుట్టీ మందంగా ఉన్నచోట జారిపోతుంది. ఇందులో ఉన్నదంతా కొలత, వేడి, లోహం స్వభావం. మగవాడు చేస్తే దీన్ని నైపుణ్యం అంటాం. నేను చేసేసరికి అది నా స్వభావం ఎలా అయింది?

అసలు ముగ్గు మాత్రం ఓర్పా? చుక్కల లెక్క తెలియకపోతే ఎంత ఓర్పున్నా మెలిక కలవదు. 'ఓర్పు' అనగానే ముగ్గులో ఉన్న గణితాన్నీ, టింకరింగ్‌లో ఉన్న లోహశాస్త్రాన్నీ ఒక్క వేటుతో చెరిపేస్తున్నాం. ఓర్పుకి కూలి ఉండదు. పుట్టుకతో వచ్చినదానికి ఎవరు మాత్రం డబ్బెందుకిస్తారు?

ఈ పొగడ్తకి చరిత్ర కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా విమాన కర్మాగారాల్లో అల్యూమినియం రేకులు కోసి, రివెట్లు కొట్టే పనిలోకి స్త్రీలు లక్షల సంఖ్యలో వచ్చారు. 'గౌను కత్తిరించినట్టే, కేకు చేసినట్టే, మీకు తెలిసిన పనే' అన్న ధోరణిలో ప్రచార చిత్రాలు వాళ్ళని పిలిచాయి. 1945లో యుద్ధం ముగిసి మగవాళ్ళు తిరిగొచ్చాక ఎంతోమందిని ఆ పనుల్లోంచి పంపేశారు. కేకు చెయ్యడం లాంటి పనే అయితే కేకు దగ్గరికే పొమ్మనడం తేలిక. పిలవడానికి పనికొచ్చిన పోలికే గెంటెయ్యడానికీ పనికొచ్చింది.

'అయినా బరువు పని కదా' అనే వాదం ఇంకొకటి. ఈ దేశంలో బరువుపనులు ఆడవాళ్ళు చెయ్యరని అనడానికి మనకి సిగ్గుండాలి. ఏ ఊళ్ళోనైనా కట్టుబడి జరుగుతున్న ఇంటిముందు నిలబడండి. ఇటుకలూ, ఇసుకా, సిమెంటు తట్టలూ నెత్తినపెట్టుకుని నిచ్చెనెక్కేది ఆడవాళ్ళు. తాపీ మాత్రం మేస్త్రి చేతిలో ఉంటుంది. తట్టకన్నా తాపీ ఎంత తేలికో! కూలి మాత్రం తాపీకే ఎక్కువ. నల్గొండ జిల్లా చేనేత ఇళ్ళలో చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పుతూ ఆసు పోసింది ఆడవాళ్ళు. తల్లి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసుయంత్రం తయారుచేశారు. అయినా నేతగాడు అనగానే మనకి కనిపించేది మగ్గం ముందు కూర్చున్న మగవాడే. పొలంలో నాట్లూ కలుపూ మనవి, నాగలి వాళ్ళది. బరువుని మనకి ఎవరూ ఎన్నడూ నిషేధించలేదు. నిషేధించింది పనిముట్టుని.

ఇటలీకి చెందిన స్త్రీవాద మానవశాస్త్రజ్ఞురాలు పావొలా టాబే 1979లో చేతులూ, పనిముట్లూ, ఆయుధాల మీద రాసిన వ్యాసంలో ఈ మాటే వాదించింది. మెరుగైన పనిముట్టు వచ్చినచోటల్లా అది పురుషుల చేతికి పోతుందనీ, స్త్రీలకి ఉత్త చేతులో, ముతక సాధనాలో మిగులుతాయనీ, ఈ తేడానే ఆధిపత్యానికి పునాది అనీ చెప్పింది. లండన్ పత్రికల్లో అక్షరాలు కూర్చే కార్మికులని పరిశీలించి సింథియా కాక్‌బర్న్ 1983లో రాసిన 'బ్రదర్స్' దీనికి మరో కోణం చేర్చింది. ఒక పనికి నైపుణ్యం అనే పేరు రావడం ఆ పనిని ఎవరు గుప్పిట్లో పెట్టుకున్నారన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఈ రెండూ మన సెమినార్లలో దేహం గురించీ, వంటింటి గురించీ మాట్లాడినంతగా ఎందుకు చర్చకి రావు? వంటిల్లు మన మీద మోపిన భారాన్ని గురించి ఎంతో రాశాం, రాయాల్సిందే. షెడ్డుకి వేసిన తాళం గురించి మాత్రం రాయలేదు.

ఆ తాళం చట్టంతో ఊడేది కాదు. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకి వాటా ఇచ్చే దారి ఆంధ్రప్రదేశ్ 1986లోనే పట్టింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. నాన్న పోయాక మా ఇంట్లో పెద్దవాళ్ళు చట్టం ఊసే లేకుండా తేల్చారు, అమ్మ గాజులు నాకు, కారు తమ్ముడికి. పాత ఇనుముకి అమ్మేద్దామన్నాడు తమ్ముడు. నేను తీసుకుంటానంటే 'నీకెందుకే?' అన్నారు. రేకు కొనడానికి వెళ్తే కొట్టతను 'ఎవరు పంపించారమ్మా?' అని అడిగాడు. వెల్డింగ్ గ్లౌజులు మగచేతి కొలతకే దొరికాయి. తిరిగే గ్రైండర్ దగ్గర చున్నీ ప్రాణాంతకం. జడ కూడా ముడిచి గట్టిగా కట్టాలి. పైట మీద జయప్రభ కవిత రాసినప్పుడు ఎంత దుమారం రేగిందో మనకి తెలుసు. గ్రైండర్ పక్కన నిలబడితే ఆ కవిత కార్మిక భద్రతా నియమంలా కూడా వినపడుతుంది. ఇక సమయం సంగతి. ఆదివారం మగవాడు కారు కింద పడుకుంటే అతని దగ్గరికి టీ వస్తుంది. నేను పడుకుంటే 'టీ పెట్టవా?' అన్న కేక వస్తుంది.

కారు పేరు చూడండి. పద్మిని! చితోడ్ రాణి పేరని చెప్తారు. 1540 ప్రాంతంలో జాయసీ అవధీలో రాసిన కావ్యం ద్వారా స్థిరపడి, మంటల్లో దూకడమే గొప్పతనంగా కీర్తి పొందిన రాణి. రతిశాస్త్రాల్లోని నాలుగు రకాల స్త్రీలలో మొదటిదీ పద్మినే. యంత్రానికి ఆడపేరు పెట్టి, 'ఒంపుల అందగత్తె' అని మురిసిపోయి, దాన్ని సొంతం చేసుకోవడం, బాగుచెయ్యడం, మెరుగుపెట్టడం మగవాడి పనిగా ఉంచారు. నాకు ఆ రేకులో ఏ అందగత్తే కనిపించలేదు. తొమ్మిది పదోవంతుల మిల్లీమీటరు మందమున్న ఇనుము కనిపించింది.

'ఇది పోర్టికో ఉన్నవాళ్ళ సరదా' అన్నారు ఒక దళిత స్త్రీవాద మిత్రురాలు. ఈ విమర్శని నేను పక్కకి నెట్టను. నాకు తిండి పెట్టేది జీతం, కారు కాదు. నాకు ఈ పని నేర్పిన మేస్త్రి పదకొండో ఏట షెడ్డులో చేరాడు, బడి మానేసి. రంగుల హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి. ఆయన మూతికి రుమాలు కట్టుకునే జీవితమంతా రంగు కొట్టాడు. అందుకే చేతిపనిలో మోక్షం ఉందని పాడే పాటలు నాకు గిట్టవు. ఇంట్లో ఆ రంగు కొట్టను కూడా, సరైన బూత్ ఉన్నచోటే కొట్టిస్తాను. అయితే మిత్రురాలి మాటలోంచే ఇంకో ప్రశ్న పుడుతుంది. ఆ మేస్త్రి కొడుకులిద్దరూ షెడ్డులోనే పని నేర్చుకున్నారు. కూతురికి కూడా నాన్న పనే ఇష్టమట. ఆ అమ్మాయి మాత్రం మిషను కుడుతోంది. పోర్టికో లేని ఆ పిల్లకి సుత్తి అందకపోవడం సరదా సమస్య కాదు, కూడు సమస్య. ఐటీఐలలో వెల్డరూ, షీట్ మెటలూ, ఆటో బాడీ రిపేరూ ఏడాది కోర్సులే. ఆడపిల్లలకనగానే మనవాళ్ళు చూపించేది మాత్రం కుట్టుపనీ, బ్యూటీ కోర్సూ, కంప్యూటరూ. ఆడపిల్లల కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్ళం మనం. మనలో ఎంతమందిమి వేరే దారి కూడా ఉందని వాళ్ళకి చెప్పాం?

సాహిత్యం చదువుకున్నవాళ్ళకి ప్రత్యేకంగా ఒక పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం 1962లో వచ్చింది, వ్యవసాయ పదాలతో. రేకుపనికీ అలాంటి మాటల సంపద షెడ్డుల్లో బతికే ఉంది, మేస్త్రీల నోళ్ళలో. అది పోకముందే పోగుచెయ్యాలి. పోగుచేసేటప్పుడు ప్రతి పనిముట్టు పక్కనా అది ఎవరి చేతికి అందుతోందో, ఎవరికి అందకుండా ఉందో కూడా రాయాలి. అలా రాసిన కోశం మన దగ్గర ఉంటే చాలా సిద్ధాంత గ్రంథాలకన్నా సూటిగా మాట్లాడుతుంది.

ఈలోగా ఓర్పు అనే మాటని మన మెచ్చుకోళ్ళలోంచి తీసేద్దాం. ఒక స్త్రీ ఏ పనైనా బాగా చేస్తే ఆమెకి ఏం తెలుసో అడుగుదాం. ఇకమీదట స్త్రీల శ్రమ మీద ఎవరు పత్రం చదివినా నేను లేచి ఒకటే అడగదలుచుకున్నాను: మీరు చెప్పిన ఆ పనిలో పనిముట్టు ఎవరి చేతిలో ఉంది?