నర్సయ్య గారిని మెచ్చుకునే మనం ఏమి అడుగుతున్నాం?

గుమ్మడి నర్సయ్య గారి జీవితాన్ని సినిమాగా తీస్తున్నారన్న వార్త మన సంఘాల్లోనూ వినబడుతోంది. ఆదివాసీ రైతు కుటుంబం నుండి వచ్చిన ఈ వామపక్ష నాయకుణ్ణి ఇల్లెందు ప్రజలు 1983, 1985, 1989, 1999, 2004 ఎన్నికల్లో శాసనసభకు పంపారు. ఐదుసార్లు ఎమ్మెల్యే అయినా సైకిలు, ఆర్టీసీ బస్సే ఆయన వాహనాలు. పోడు రైతుల గోడును సభలో వినిపించారు. ఆయన సిద్ధాంతంతో మనం ఏకీభవించకపోవచ్చు. అయినా, తాను ఎవరి సొత్తూ తీసుకోలేదని ప్రజలనే సాక్ష్యం అడిగిన సమూయేలు ప్రవక్త మనకు గుర్తుకు వస్తాడు.

2009 తర్వాత నర్సయ్య గారు మళ్లీ సభకు వెళ్లలేదు. అందుకు కారణాలు అనేకం ఉండవచ్చు. మన వంతు ప్రశ్న మాత్రం ఒకటుంది. ఓటు కోసం మన మందిరానికి వచ్చిన అభ్యర్థిని మనం ఏమి అడుగుతున్నాం? ప్రహరీ గోడ, మైకు సెట్టు, క్రిస్మస్ విందు ఖర్చు. అవి తీసుకున్న సంఘం ఐదేళ్ల తరువాత ఏ నోటితో లెక్క అడుగుతుంది?

నిజాయితీపరుణ్ణి తెరమీద చూసి చప్పట్లు కొట్టడం సులువు. అటువంటివాడు పోటీలో నిలబడగలిగే ఊరిని తయారుచేయడమే కష్టం. కాపరులారా, ఆ పని మన చేయి చాచకపోవడంతోనే మొదలవుతుంది.