ట్రాక్టర్ బోరు పని: బిల్లు లేని కిట్టు మనకొద్దు

ఎండాకాలం వచ్చిందంటే ఖేడ్‌లో మెకానిక్ షెడ్ల ముందు ఇంజన్లు విప్పి కనబడతాయి. యాసంగి శనగ, జొన్న ఇంటికి చేరినాక, వానాకాలం దుక్కులకు ముందు దొరికే ఆ కాస్త సందులోనే బోరు పని చేయించుకోవాలి. వేలకు వేలు పడే పని. ఇంత ఖర్చులో ఏ పిస్టన్లు, ఏ రింగులు, ఏ లైనర్లు వేయాలనే మాట మాత్రం రైతు చేతిలో లేదు. మెకానిక్ చీటీ రాస్తాడు, షాపాయన ఒక డబ్బా తీసి ఇస్తాడు, మనం పైసలు కడతాం. బిల్లు అడిగితే "బిల్లైతే రేటు వేరే" అంటారు. ఈ పద్ధతి మారాలని మేం గట్టిగా అంటున్నాం.

ముందు అసలు బోరుకొచ్చిందా అన్నది తేల్చుకోవాలి. నల్ల పొగ వస్తే చాలాసార్లు తప్పు పిస్టన్‌ది కాదు. గాలి సరిగా అందకనో, ఇంజెక్టర్ సరిగా కొట్టకనో, లోడు మించో వస్తుంది. నీలం పొగ, ఆయిల్ తాగడం, బ్రీదర్ గొట్టం నుంచి పొగ కొట్టడం, పొద్దున స్టార్టుకు మొండికేయడం, ఇవి కలిసి వస్తే అప్పుడు రింగులను అనుమానించాలి. కంప్రెషన్ చూపించకుండా హెడ్ విప్పనీయొద్దు.

విప్పినాక కొలత. ఇది లేకుండా కిట్టు కొనడమంటే పాదం చూడకుండా చెప్పులు కొన్నట్టే. లైనర్ అన్నిచోట్లా ఒకే తీరుగా అరగదు. పై రింగు తిరిగి వచ్చే చోట, అంటే పై అంచుకు కొంచెం కింద ఎక్కువ అరుగుతుంది. అందుకే బోర్ గేజ్‌తో పైన, నడుమ, కింద, అదీ రెండు దిక్కులా చూడాలి. అరుగుదల కంపెనీ పుస్తకంలో చెప్పిన హద్దులో ఉంటే హోనింగ్ చేసి రింగులు మార్చినా సరిపోతుంది. బోరు కోడిగుడ్డు తీరుగా అయినంక కొత్త రింగులు ఎంత మంచివి వేసినా కూర్చోవు, ఆయిల్ తాగుడు ఆగదు. రింగులా, మొత్తం కిట్టా అన్నది గేజ్ చెప్పాలి గానీ మెకానిక్ నోరు కాదు. గేజ్ లేని షెడ్డులో ఇంజన్ ఇవ్వకపోవడమే మంచిది. లేత్ షాపుల్లో కొలిచిస్తారు.

ఇక ఏ డబ్బా? షోరూం డబ్బా ఒక్కటే అసలుదని కొందరు, బయటిది చౌక అని కొందరు. రెండూ సగం మాటలే. ట్రాక్టర్ కంపెనీల్లో చాలావరకు పిస్టన్లు, రింగులు తామే పోయవు, వాటిని చేసే కంపెనీల దగ్గర కొంటాయి. చెన్నైలోని ఇండియా పిస్టన్స్, గోట్జే, ఉషా పేరుతో అమ్మే శ్రీరాం పిస్టన్స్ అలాంటి పాత కంపెనీలే. అవి తమ సొంత డబ్బాలో బజారుకు పంపే సామాను తక్కువదేం కాదు. భయపడాల్సింది వాటి పేరు పెట్టుకొని వచ్చే నకిలీ డబ్బాలకు. డబ్బా మీది పార్టు నంబరు మీ ఇంజన్ మోడల్‌కు సరిపోయిందా చూడండి. పిస్టన్లను కిరాణా షాపు ఎలక్ట్రానిక్ కాంటా మీద పెట్టినా తెలిసిపోతుంది, ఒక సెట్టులో బరువులు కొద్ది గ్రాముల తేడాలోనే ఉండాలి. రింగును బోరులో పెట్టి కొసల సందును ఫీలర్ గేజ్‌తో కొలవమనండి. 100 మిల్లీమీటర్ల బోరుకు మామూలుగా 0.30 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉంటుంది, కచ్చితమైన లెక్క ఆ ఇంజన్ పుస్తకంలో ఉంటుంది. సందు తక్కువైతే వేడికి కొసలు ఒకదానికొకటి తన్నుకొని బోరును గీకుతాయి. క్రోమ్ లైనర్‌లో క్రోమ్ రింగు వేయొద్దు.

మన పిల్లలకు ఒక మాట. ఫోన్‌లో చూసి "పవర్ కిట్టు", "రేసింగ్ పిస్టన్" అంటున్నారు. రేసు బండ్లకు వేసే ఫోర్జ్‌డ్ పిస్టన్ వేడికి ఎక్కువ ఉబ్బుతుంది, దానికి బోరులో సందు ఎక్కువ వదలాలి. మన ట్రాక్టర్ పొద్దంతా ఒకే వేగంలో రోటవేటర్ తిప్పాలి. దానికి కావాల్సింది ఎక్కువ గంటలు నిలిచే పోత పిస్టన్. చాలా డీజిల్ పిస్టన్లలో పై రింగు గాడి అరగకుండా అందులో ఇనుప కడ్డం పోసి ఉంటుంది. చెరకు లోడుకు బలం రావాలని పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచితే వేడి పెరిగి ఆ గాడి దగ్గరే దెబ్బ తింటుంది. కొత్త కిట్టు వేసి పంపు అట్లాగే ఉంచితే మళ్లీ అదే షెడ్డు.

దుమ్ము సంగతీ అంతే. సోయా నూర్పిడిలో ఎయిర్ ఫిల్టర్ గొట్టం చిరిగి ఉంటే మంచి రింగులు కూడా ఒక్క సీజన్‌లో పోతాయి. ఆ గొట్టం, ఇంజెక్టర్లు బాగు చేయించకుండా కిట్టు మీద పైసలు పెట్టొద్దు.

ఇప్పుడు సర్కారు సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కు దిగింది. ట్రాక్టర్ టైర్లు, ట్యూబుల మీద 18 నుంచి 5కు దిగింది. మంచిదే. కానీ పిస్టన్లు, రింగుల వంటి ఇంజన్ భాగాలు 28 నుంచి 18 దగ్గరే ఆగాయి. కొత్త ట్రాక్టర్ కొనేటోడికి 5, పాతదాన్ని నిలబెట్టుకునేటోడికి 18. ఇది చిన్న రైతు మీద పడే పన్ను కాదా? కిట్టు ధర 15,000 అనుకుంటే 18 శాతం లెక్కన 2,700 రూపాయలు, 5 శాతమైతే 750. ఈ 1,950 రూపాయల తేడాయే బిల్లు లేని అమ్మకానికి దారి తీస్తోంది. బిల్లు లేని దుకాణం దగ్గరే నకిలీ డబ్బా కుదురుకుంటుంది. ట్రాక్టర్ ఇంజన్ పిస్టన్లు, రింగులు, లైనర్లను కూడా 5 శాతంలోకి తేవాలని రాష్ట్ర ఆర్థిక మంత్రి జీఎస్టీ కౌన్సిల్‌లో అడగాలి. వచ్చే మండల సమావేశాల్లో ఈ తీర్మానం పెట్టండి.

అప్పటిదాకా 18 శాతం కట్టయినా బిల్లు తీసుకోండి. బిల్లు మీద పార్టు నంబరు రాయించండి, డబ్బాను, తీసేసిన పాత పిస్టన్లను ఇంటికి తెచ్చుకోండి. సామాను నాసిరకమని తేలితే 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ పోవచ్చు. కొన్న సామాను విలువ 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. బతుకుదెరువుకు సొంతంగా నడుపుకునే ట్రాక్టర్‌ను వ్యాపారమని పక్కన పెట్టడానికి 2019 చట్టం ఒప్పుకోదు. అర్జీ రాయడం రానివాళ్లు బిల్లు పట్టుకొని సంఘం ఆఫీసుకు రండి, కూర్చొని రాసిపెడతాం.