ఎనిమిదో మనిషి బలం ఏమైపోయింది?

పదిమందిలో పాము చావదని తెలుగువారు ఏనాడో తేల్చి చెప్పారు. ఆ సంగతినే తాడుతోను, బలమాపకంతోను కొలిచి చూసినవాడు మాక్స్ రింగెల్మన్ అనే ఫ్రెంచి వ్యవసాయ ఇంజనీరు. ఆయన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు కాడు. గుర్రంచేత, ఎద్దుచేత, మనిషిచేత, యంత్రంచేత ఏ పని ఏ విధంగా చేయిస్తే ఎంత ఫలితం దక్కుతుందన్నదే ఆయనకు కావలసిన లెక్క. 1882కూ 1887కూ నడుమ ఆయన మనుషులను ఒంటరిగాను, జట్లుగాను నిలబెట్టి బరువులు లాగించాడు. ఫలితాలను 1913లో ప్రకటించాడు. ఒంటరి మనిషి బలాన్ని 100గా తీసుకుంటే, ఇద్దరు కలిసినప్పుడు తలకు 93 చొప్పున, నలుగురైనప్పుడు 77 చొప్పున మాత్రమే వచ్చింది. ఏడుగురైనప్పుడు 56, ఎనమండుగురైనప్పుడు 49. గుణించి చూస్తే ఏడుగురి మొత్తం 392. ఎనమండుగురి మొత్తమూ 392. ఎనిమిదో మనిషి వచ్చి తానూ ఒక చెయ్యి వేశాడన్న మాటేగాని, పట్టికలో అతని జాడ లేదు.

ఈ అంకెలు చూసిన ఏ అధికారికైనా మొదట తట్టే ప్రశ్న ఒక్కటే: వీరిలో బద్ధకస్తుడెవడు? రింగెల్మన్ ఆ ప్రశ్నతో మొదలుపెట్టలేదు. ఎనిమిదిమంది కండలు ఒకే క్షణంలో, ఒకే దిక్కుగా బిగుసుకోవడం అసాధ్యమనీ, ఒకడు ఊపిరి పీల్చుకుంటున్న సమయంలో మరొకడు లాగుతాడనీ, లోటు ప్రధానంగా అక్కడే పుడుతుందనీ ఆయన తలచాడు. పక్కవాడు లాగుతాడులే అన్న ధీమా కూడా కొంత పనిచేయవచ్చునని ఒక మాట అని ఊరుకున్నాడు.

లోటులో కుదరని కలయిక పాలెంత, తగ్గిన ప్రయత్నం పాలెంత అన్నది విడదీయడానికి మరి అరవై ఏళ్లు పట్టింది. 1974లో అమెరికాలో అలాన్ ఇంగం, ఆయన సహచరులు చేసిన ఏర్పాటు కొంత చమత్కారమైనది. తాడు లాగవలసిన వ్యక్తికి కళ్లకు గంతలు కట్టి అందరికంటె ముందు నిలబెట్టారు. వెనుక మరికొందరు ఉన్నారని అతనికి చెప్పారు. వారు నిజంగానే ఉన్నారు గాని, తాడు లాగినట్టు నటించారే తప్ప లాగలేదు. అంటే కలయిక కుదరకపోవడమన్న సమస్యే లేదు, లాగుతున్నవాడు ఒక్కడే. అయినా తన వెనుక ఒకరో ఇద్దరో ఉన్నారనుకున్నప్పుడు అతని బలం తగ్గింది. ఆ పైన ఆరుగురి వరకు ఎంతమంది ఉన్నారన్నా మరి తగ్గలేదు. మనిషి తన ప్రయత్నాన్ని సడలిస్తాడన్నది నిజమే. అయితే ఆ సడలింపుకు ఒక హద్దున్నది. మిగిలిన లోటు ఏ ఒక్కరి ఖాతాలోను రాయడానికి వీలులేనిది.

1979లో లాటనే, విలియమ్స్, హార్కిన్స్ అనే ముగ్గురు పరిశోధకులు తాడు బదులు చప్పట్లతోను, అరుపులతోను ఇటువంటి ఫలితాలనే రాబట్టారు. రెండేళ్ల తరువాత వారే మరొక సంగతి కనిపెట్టారు: ఎవరి అరుపు ఎంతో విడిగా తెలుస్తుందని ముందే చెప్పినప్పుడు ఈ సడలింపు కనిపించకుండా పోయింది.

కార్యాలయాల్లో, కర్మాగారాల్లో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. అక్కడ బలమాపకం లేదు. పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడి పని ఎంత పూర్తయిందో కనిపిస్తుంది గాని, అందుకు అతను ఎంత శ్రమపడ్డాడో కనిపించదు. సాయంత్రం ఏడింటి వరకు కాగితాల కట్ట ముందునుంచి లేవని గుమాస్తా కష్టజీవి కావచ్చు, లెక్క పద్ధతి ఎవరూ సరిగా నేర్పనివాడూ కావచ్చు. నాలుగింటికే బల్ల సర్దేసినవాడు పనిదొంగ కావచ్చు, అందరికంటె చేయి తిరిగినవాడూ కావచ్చు. అయినా తోటివారు తీర్పు చెప్పకుండా ఉండలేరు. ఏడాది చివర వార్షిక నివేదిక రాసే అధికారికి ఆ అవకాశం అసలే లేదు. ఆ నివేదికలో ‘శ్రద్ధ లేదు’ అన్న రెండు మాటలు పడితే ఒక మనిషి పదోన్నతి కొన్నేళ్లపాటు ఆగిపోవచ్చు.

అసమర్థతను క్షమించినంత సులభంగా మనుషులు అలసత్వాన్ని క్షమించరు. 1970లో వైనర్, కుక్లా అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు కొందరిని ఉపాధ్యాయుల స్థానంలో ఊహించుకొమ్మని, విద్యార్థుల తెలివి, శ్రమ, పరీక్షా ఫలితాలు చెప్పి మెప్పు, శిక్ష నిర్ణయించమన్నారు. తెలివి తక్కువైనా కష్టపడి నెగ్గినవాడికి అధికమైన మెప్పు లభించింది. తెలివి ఉండీ శ్రమపడక ఓడినవాడికి అందరికంటె కఠినమైన శిక్ష పడింది. 1983లో నార్బర్ట్ కెర్ చేసిన ప్రయోగంలో పని మరీ చిన్నది: రబ్బరు బుడ్డిని చేత్తో నొక్కి గాలి పంపడం. ఇద్దరిలో ఏ ఒక్కరు నెగ్గినా జట్టు నెగ్గినట్టే. తోటివాడు చేయగలిగి ఉండీ చేయడం లేదని తోచినప్పుడు రెండోవాడు తానూ చేయి సడలించాడు, తన లాభం పోతుందని తెలిసీ. తోటివాడికి నిజంగానే చేతకాదని తెలిసినప్పుడు అంతగా సడలించలేదు; అతని వంతు బరువును కొంతవరకు మోశాడు. కాబట్టి ‘చేయలేడు’, ‘చేయడు’ అనే రెండు మాటల నడుమ ఉన్న తేడా నిఘంటువుకు సంబంధించింది కాదు. ఏ మాట ప్రచారంలోకి వచ్చిందన్నదాని మీద మిగిలిన జట్టంతా రేపు ఎంత పనిచేస్తుందన్నది ఆధారపడి ఉంటుంది.

ఇంగ్లీషు పరిశోధన గ్రంథాలు తెలుగు చేసేవారికి ఈ ఘట్టంలో ఒక ఇబ్బంది ఎదురవుతుంది. సమర్థత, ప్రయత్నం అని రెండు సంస్కృత పదాలు పక్కపక్కన నిలబెట్టి వాక్యం పూర్తిచేయవచ్చు. కాని ఇళ్లలో, పనిచోట్ల జనం వాడేది ‘ఓపిక’ అన్న మాట. ఒంట్లో సత్తువకూ అదే మాట, మనసులో సహనానికీ అదే మాట. ‘ఇక నా ఓపిక అయిపోయింది’ అన్నవాడు అలసిపోయాడో, విసిగిపోయాడో సందర్భాన్ని బట్టి గ్రహించవలసిందే. ఇది భాషలోని లోపమనడం తొందరపాటు. ఆ రెండింటి మధ్య గీత ఎక్కడున్నదో అన్నవాడికే చాలాసార్లు తెలియదు.

ఆ గీత ఒకే మనిషిలో అటూ ఇటూ జరగగలదని చూపించిన పని రింగెల్మన్ పట్టికంత ప్రసిద్ధికి రాలేదు. జర్మనీకి చెందిన ఓటో కోలర్ 1926, 27లలో బెర్లిన్ పడవ పందేల సంఘ సభ్యుల చేత అలసిపోయేవరకు బరువులు ఎత్తించాడు. ఒక్కొక్కరిచేత విడిగా ఎత్తించి, తరువాత జంటగా రెట్టింపు బరువు ఎత్తించాడు. జంటలో ఒకడు వదిలేస్తే రెండోవాడు ఒంటరిగా మోయలేడు. అంటే బలహీనుడు ఎంతసేపు నిలిస్తే జంట అంతసేపే నిలుస్తుంది. ఫలితం రింగెల్మన్‌కు పూర్తిగా ఎదురు తిరిగింది. బలహీనుడు తాను ఒంటరిగా నిలిచినదానికంటె ఎక్కువసేపు నిలిచాడు. అయితే ఇద్దరి బలాల మధ్య తేడా ఒక మోస్తరుగా ఉన్నప్పుడే ఇది బాగా కనిపించింది. సమానబలులైతే పెద్దగా లేదు, తేడా మరీ ఎక్కువైతే అందుకోవాలన్న ఆశే లేదు. ఆ మనిషి సమర్థత నిన్నా ఈరోజూ ఒక్కటే. అతని పాలు జట్టుకు అవసరమై, అందరికీ కనిపించే ఏర్పాటు మాత్రం కొత్తది.

ప్రయోగశాల గోడల వెలుపల, వేతనాలూ యంత్రాల రొదా ఉన్నచోట ఏర్పాటు మారితే ఏమవుతుందన్నదానికి పేరుమోసిన ఉదాహరణ భారతదేశంలోనే ఉన్నది. లండన్‌లోని టావిస్టాక్ సంస్థకు చెందిన ఎ.కె. రైస్ 1953లో అహ్మదాబాదులోని క్యాలికో మిల్లుకు వచ్చాడు. యాజమాన్యం కొత్తగా ఆటోమేటిక్ మగ్గాలు పెట్టించింది. పనిని శాస్త్రీయంగా అంచనా వేయించి, ఎవరు ఏం చేయాలో నిర్ణయించింది. అయినా ఆశించిన ఉత్పత్తి రాలేదు, పాడైన బట్ట ఎక్కువైంది.

షెడ్డులో 224 మగ్గాలు, 29 మంది పనివారు, పన్నెండు రకాల ఉద్యోగాలు. నేతపని చేసేవాడు 24 గాని 32 గాని మగ్గాలు చూసుకోవాలి. కండెలు నింపేవాడికి 40, 50 మగ్గాలు, మూకుమ్మడిగా తెగిన పోగులు అతికేవాడికి సుమారు 75, జాబరుకు 112. నూనె వేసేవాడికీ, ఊడ్చేవాడికీ షెడ్డు మొత్తం. ఏ ఒక్కరి హద్దూ మరొకరి హద్దుతో కలవదు. 24 మగ్గాల నేతగాడికి కండెలు నింపేవాడి శ్రమలో సగం, పోగులు అతికేవాడి శ్రమలో మూడో వంతు, ఊడ్చేవాడి శ్రమలో తొమ్మిదో వంతు దక్కుతాయన్నమాట. మూడో వంతు మనిషితో ఎవరు స్నేహం చేయగలరు? ఎవరు తగవు పెట్టుకోగలరు? మగ్గం ఆగిపోతే నేతగాడు అతికేవాడి కోసం ఎదురుచూస్తాడు. అతికేవాడు ఆ సమయంలో మరొక నేతగాడి మగ్గం మీద వంగి ఉంటాడు. దూరంనుంచి చూసే పర్యవేక్షకుడికి కనిపించేది మాత్రం చేతులు కట్టుకొని నిలుచున్న నేతగాడు.

రైస్ సూచన చాలా సాదాగా ఉన్నది: కొన్ని మగ్గాలను ఒక చిన్న జట్టుకు అప్పగించాలి, ఆ మగ్గాల మంచి చెడ్డలన్నీ ఆ జట్టువే కావాలి. ఆ మాట పర్యవేక్షకుల ద్వారా షెడ్డులోకి వెళ్లింది. తరువాత జరిగినదాన్ని రైస్ ఎదురుచూడలేదు. ఎవరు ఎవరితో కలవాలో పనివారు తామే మాట్లాడుకొని, జట్ల జాబితా తయారుచేశారు. పక్కవాడి చేతి నేర్పు ఎంతో, ఓపిక ఎంతో వారికి ముందునుంచీ తెలుసు. పర్యవేక్షకుడి కాగితంలో మాత్రం అది లేదు. కొంత ఒడుదొడుకు తరువాత ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. రైస్ ఈ వృత్తాంతాన్ని 1958లో గ్రంథంగా వెలువరించాడు.

అక్కడ పనివారెవరూ మారలేదు. చేతకానివాడు రాత్రికి రాత్రి నేర్పరి కాలేదు. కాని ఒక మగ్గం ఆగినప్పుడు చేయి ఖాళీగా ఉన్నవాడు వెళ్లి సాయపడడానికి అడ్డు తొలగింది. ఎవరు వెళ్లారో, ఎవరు వెళ్లలేదో జట్టులోని ప్రతివాడికీ కనిపించసాగింది. 1970లో రైస్ సహచరుడు ఎరిక్ మిల్లర్ ఆ మిల్లును మళ్లీ పరిశీలించాడు. ఒకచోట జట్లు దాదాపు ఆనాటి తీరులోనే పనిచేస్తున్నాయి. మరికొన్ని చోట్ల జట్టు అన్నది పేరుకు మాత్రమే మిగిలి, ఎవరి మగ్గాలు వారివన్న పాత లెక్క తిరిగి వచ్చింది.